గుంపస్వామి పడుకుని చూసిన చెట్టు

మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని రోజుల మాట ఇది. దగ్గరికి జరిగి వినండి.

సముద్రపు ఒడ్డున సారంగిరేవు అని ఒక ఊరు. ఆ ఊళ్లో కావడితో నీళ్లు మోసుకుని బతికేవాడు గుంపస్వామి. భార్య పేరు అసిరమ్మ. పిల్లల్లేరు. ఒకరికొకరే.

రేవు నుంచి సంత దాకా ఆ ఊరి దొర కొత్త బాట వేయించేడు. బాటకి రెండు పక్కలా చెట్లు పెట్టించాలని ముచ్చటపడి గుంపస్వామిని పిలిచేడు.

"నీళ్లు పోసేవాడివి నువ్వు. ఏ చెట్టు పెడదామంటావు?"

"కొబ్బరి పెట్టించండి బాబూ. సూడ్డానికి బాగుంటాది. దారిన పోయేవోడికి దాహం తీరతాది."

సరే, కొబ్బరే పెట్టేరు. గుంపస్వామి నీళ్లు మోసేడు. ఎండలో మోసేడు, ఈదురుగాలిలో మోసేడు, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా మోసేడు. మొక్కలు చెట్లయ్యాయి. చెట్లు గెలలు వేశాయి. "మన బిడ్డలే అసిరీ" అని మురిసిపోయేవాడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం అసిరమ్మ అంబలి ముంత పట్టుకొచ్చి చెట్టు మొదట్లో కూచుంది.

"కావడి దించి రా. చల్లారిపోతంది" అంది.

అతను కావడి దించేడు. గాలి లేదు. వాన లేదు. దబ్బుమని ఒక్క చప్పుడు. తిరిగి చూసేసరికి ముంత దొర్లుతోంది, కాయ దొర్లుతోంది, అసిరమ్మ మాత్రం కదల్లేదు.

ఊరు కొయ్యబారిపోయింది.

దొర పరిగెత్తుకొచ్చేడు.

"ఒక్క చెట్టూ ఉంచను. కొట్టించేస్తాను."

"కొట్టించండి. మళ్లీ ఏటి పెడతారు?"

"ఈతో, తాడో... నువ్వే చెప్పు."

గుంపస్వామి దొర్లిన కాయని చేతిలోకి తీసుకున్నాడు.

"నాను సెప్పిన సెట్టే దాన్ని సంపేసింది బాబూ. ఇంక నోటితో సెప్పను. సెట్టు కింద పడుకొని సూసి సెప్తాను."

ఊరి చివర ఎదిగిన ఈతచెట్టు ఒకటి ఉంది. దాని కింద చాప పరిచి వెల్లకిలా పడుకున్నాడు. దుఃఖంతో మతి పోయిందనుకున్నారు జనం. ఎండ కాసింది, గాలి వీచింది, ఎండుమట్ట ఒకటి ఊడి మొహం మీద పడింది. ముల్లు కంటికి కొంచెం కింద దిగింది. అతను లేచి ముల్లు పీక్కున్నాడు.

"ఇది కాదు."

ఊరు కొయ్యబారిపోయింది.

చాప తీసుకెళ్లి తాడిచెట్టు కింద పరిచేడు. పళ్లు ముగ్గి రాలే రోజులవి. అసిరమ్మ చెల్లెలు పోలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది.

"బావా, లెగు! అక్క పోయింది సాలదా? నువ్వు కూడా పోతావా?"

"నాను లెగిస్తే రేపు ఇంకెవరో కూకుంటారు పోలీ. ఆలకి తెలీదు కదా, పైనేటుందో."

ఆ మాట నోట్లో ఉండగానే తాటిపండు పడింది. భుజం ఎముక విరిగిన చప్పుడు పోలమ్మకి వినిపించింది. కావడి మోసే భుజమే అది. పోలమ్మ గొల్లుమంది. గుంపస్వామి పళ్లు బిగపట్టి లేచేడు.

"ఇదీ కాదు."

ఊరు కొయ్యబారిపోయింది. ఈసారి దొర కూడా వద్దని బతిమాలేడు. గుంపస్వామి వినలేదు. విరిగిన భుజానికి కట్టు కట్టించుకుని, ఏటిగట్టు మీది పోకచెట్టు కింద పడుకున్నాడు. సన్నటి మాను. నిలువునా పెరిగింది. ఊరంతా చుట్టూ నిలబడింది. పండిన పోకకాయలు టపటపా రాలి ఒంటి మీద పడ్డాయి. అతను కదల్లేదు. ఇంతలో ముదిరిన ఆకొకటి పట్టతో సహా ఊడింది.

"అయ్యో!" అని అందరూ కళ్లు మూసుకున్నారు.

కళ్లు తెరిచేసరికి గుంపస్వామి లేచి కూచుని ఉన్నాడు. ఒంటి మీద గీత లేదు. ఆకు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. అసిరమ్మ పోయాక అతను ఏడవడం అదే మొదలు.

"ఇది పెట్టండి బాబూ" అన్నాడు. "దీని కింద కూకునుంటే నా అసిరి బతికుండును."

దొర కొబ్బరిచెట్లు కొట్టించి పోకమొక్కలే పెట్టించేడు. గుంపస్వామి ఇక కావడి ఎత్తలేకపోయేడు. ఒంటిచేత్తో ముంతెడు ముంతెడు నీళ్లు తెచ్చి పోసేవాడు. చెట్లు మనిషెత్తు కాకుండానే కన్నుమూసేడు.

ఇప్పటికీ ఆ వైపు ఎవరు వీధి పక్కన చెట్టు పెట్టాలన్నా, ముందు అలాంటి ఎదిగిన చెట్టు కింద చాప పరుస్తారు. పెట్టేవాడు దాని మీద పడుకుంటాడు. చిన్నవాడైనా, దొరైనా సరే.

చుట్టూ ఉన్నవాళ్లు అడుగుతారు: "గుంపస్వామి లేచేడా?"

పడుకున్నవాడు ఒంటి మీద గీత లేకుండా లేచి "లేచేడు" అంటేనే పలుగు ముట్టుకుంటారు.