గాజులమ్మి కూతురూ ఏడు సంతలూ

ఏమర్రా, ఇవాళ ఏ వారం? అదిగో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నూకాలు కూడా ఒకరోజు అలాగే తెల్లమొహం వేసింది. ఏమైందో వినండి.

అనగనగా ఒక ఊళ్ళో నూకాలు అని ఏడేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ పైడమ్మ గాజులమ్మేది. రోజుకో ఊరి సంతకి వెళ్ళి, సాయంత్రం ఆ ఊళ్ళో పండిన కాయో కూరో తెచ్చేది. "ఇవాళ ఫలానా వారం, ఫలానా ఊరు" అని పొద్దున్నే చెప్పి మరీ వెళ్ళేది. నూకాలు "ఊఁ" అనేది. ధ్యాసంతా గచ్చకాయల ఆట మీదే.

ఒకరోజు చంటి చెల్లికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. పాలు ముట్టదు, అమ్మ కోసం ఒకటే ఏడుపు.

"అమ్మ ఏ సంతకెళ్ళిందే?" అంది నాయనమ్మ.

"ఏమో."

"పోనీ, ఇవాళ ఏ వారం?"

"అదీ ఏమో."

"బాగుంది. గచ్చకాయల్ని అడుగు, చెబుతాయి."

నూకాలు గచ్చకాయలు కింద పడేసి లేచింది. దగ్గరి ఊరికి పరిగెత్తింది. సంత జరిగే చోట రెండు కుక్కలు పడుకున్నాయి. "మా సంత సోమవారం కదే" అన్నాడు పాక మీద సొరకాయలు కోస్తున్న తాత.

ఆ తర్వాత ఇంకో ఊరికి పరిగెత్తింది. అక్కడా ఖాళీయే. "మాది మంగళవారం" అంది ముల్లంగి కడుగుతున్న అత్త. "ఇవాళ ఏ వారమో నువ్వే కనుక్కో చూద్దాం. నిన్న సంత నుంచి మీ అమ్మ ఏం తెచ్చింది?"

"బుడమకాయ."

"అయితే నిన్న బుధవారం. బుడమకాయలు ఆ సంతవే."

నూకాలు ఏడవలేదు. కళ్ళు మూసుకుని ఆలోచించింది. బుడమకాయ తిన్న మర్నాడల్లా ఇంట్లో గుమ్మడికాయ పులుసు. అంటే ఇవాళ గురువారం. గుమ్మడికాయలు పండేది కాలవ అవతలి ఊళ్ళో.

అప్పుడు మూడోసారి పరిగెత్తింది. గుమ్మడికాయల గుట్టల మధ్య, ఎవరి చేతికో గాజులు ఎక్కిస్తూ కనిపించింది అమ్మ.

అమ్మ రాగానే చంటిది పాలు తాగింది. పొద్దు వాలేసరికి ఒళ్ళు చల్లబడింది. పైడమ్మ నూకాలు కాళ్ళలో ముళ్ళు తీస్తూ, "నేనిక్కడున్నానని ఎవరు చెప్పారే?" అంది.

"మన కూరలు చెప్పాయమ్మా."

పైడమ్మ ఆ ముళ్ళు గుచ్చుకున్న పాదాన్ని కళ్ళకద్దుకుంది. మర్నాటి నుంచి వారం చెప్పే పని నూకాలుదే. గచ్చకాయలు ఎగరేస్తూ ఇలా పాడేది:

ఆదివారం అరటికాయ,
సోమవారం సొరకాయ,
మంగళవారం ముల్లంగి,
బుధవారం బుడమకాయ,
గురువారం గుమ్మడికాయ,
శుక్రవారం చుక్కకూర,
శనివారం శనక్కాయ,
మళ్ళీ వచ్చె అరటికాయ!

కథేమో కంచి సంతకి, మనమేమో పక్క మీదికి. రేపు పొద్దున్న లేవగానే, ఎవరూ అడక్కముందే, ఏ వారమో మీ అమ్మకి మీరే చెప్పండి.