ఊ కొట్టడం నేర్చుకున్న రాజు

అనగనగా అనడానికి నేనున్నాను, ఊ కొట్టడానికి మీరున్నారు. మరింకేం, కథ మొదలు. నిద్రొస్తే మాత్రం చెప్పేయండి, గోడకి కథ చెప్పే అలవాటు నాకు లేదు.

విరజాపురమనే రాజ్యంలో మణిమంతుడనే రాజు ఉండేవాడు. మంచివాడు. పిల్లలంటే ప్రాణం. ఆయనకున్న లోటల్లా ఒక్కటే, ఊ కొట్టడం రాదు. ఎలా వస్తుంది? పుట్టిందగ్గర్నుంచీ ఆయన చెప్పడం, మంత్రులూ సేనాపతులూ వంటవాళ్ళూ ఊ కొట్టడం! ఎవరైనా సగం మాట చెప్పేలోగా "నువ్వు చేయాల్సిందేమిటంటే" అని అందుకునేవాడు.

ఆయనకు ముగ్గురు బిడ్డలు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పదహారో ఏడు రాగానే నిండు సభలో కొడుకైతే తలపాగా చుడతారు, కూతురైతే పూలజడ వేస్తారు. పెద్దవాడు జయసేనుడికి తలపాగా చుట్టారు. రెండోది హేమలతకు పూలజడ వేశారు. ఇక మూడో బిడ్డ రత్నం వంతు వచ్చింది. పుట్టినప్పుడు మగపిల్లాడని ఊరంతా చక్కెర పంచారు కాబట్టి ఎర్రపట్టు తలపాగా సిద్ధం చేశారు.

ముందురోజు సాయంత్రం ఆ బిడ్డ తండ్రి దగ్గరికొచ్చింది.

"నాన్నగారూ, తలపాగా నాదో, పూలజడ నాదో నాకు తెలియడం లేదు. అద్దంలో చూసుకుంటే ఒకరోజు అలా అనిపిస్తుంది, ఒకరోజు ఇలా. కొన్నాళ్ళు ఆగుదామా? అసలు..."

"ఆగడమేమిటి నాయనా! భేరీలు మోగించాం, బంధువులు దిగిపోయారు. నువ్వు చేయాల్సిందేమిటంటే..."

'అసలు' తర్వాత ఏముందో రాజు వినలేదు. బిడ్డ కళ్ళనీళ్ళు మాత్రం చూశాడు, చూసి తట్టుకోలేకపోయాడు. ఆయన మనసు మంచిదే, కంగారే చెడ్డది. ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు కరాళుడికి కబురు పెట్టి, బిడ్డ బెంగ తీసేయమన్నాడు. వాడు గాలిలో వచ్చి వాలి "చిటికెలో పని" అని నెమలీక తిప్పాడు. రత్నం గొంతులోంచి పచ్చని వెలుగొకటి బయటికొచ్చింది. దాన్ని మూటగట్టుకుని వాడు ఎగిరిపోయాడు.

మర్నాడు రత్నం బుద్ధిగా తలపాగా చుట్టించుకుంది. రాజు సంబరపడ్డాడు.

"అన్నం తింటావా, అట్లు తింటావా?"

"మీ ఇష్టం నాన్నగారూ."

"గుర్రమెక్కుదామా, ఊయల ఊగుదామా?"

"మీ ఇష్టం నాన్నగారూ."

నవ్వు లేదు, అలక లేదు. ఒకనాడు మరిగే పాలు బిడ్డ చేతిమీద ఒలికాయి. రాజు పరుగెత్తుకొచ్చి "మంటగా ఉందా, నా తల్లీ, నా తండ్రీ?" అని అడిగాడు.

"మీ ఇష్టం నాన్నగారూ" అంది రత్నం.

రాజు గుండె జారిపోయింది. రాణి సుమేధ బిడ్డ చేతిమీద చల్లటి నీళ్ళు పోస్తూ, "వాడు బెంగ ఒక్కటే తీసుకుపోలేదండీ, బిడ్డ మాటంతా పట్టుకుపోయాడు. వెళ్ళి తెచ్చుకోండి" అంది.

పెద్దకొడుకు నేను వెళ్తానన్నాడు, కూతురు నేను వెళ్తానంది. "తప్పు నాది" అని రాజే బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. "ఏడు సముద్రాలూ దాటిస్తాను రాజా. దారిపొడుగునా నా గోడు చెప్పుకుంటాను, నువ్వు ఊ కొడితే చాలు" అంది. అదెంత పని అనుకుని రాజు వీపెక్కాడు. రెండు సముద్రాలు దాటాక "ఈ ఉప్పునీళ్ళు నాకు పడవు" అంది తాబేలు. "అయితే నువ్వు చేయాల్సిందేమిటంటే, చెరువులోకి మారిపో" అన్నాడు రాజు. తాబేలు గిర్రున తిరిగి ఆయన్ని మళ్ళీ ఒడ్డునే దింపేసింది!

రెండోసారి నాలుగు సముద్రాలు దాటారు. "నా పిల్లలు గుడ్డులోంచి రాగానే నావైపు చూడనైనా చూడకుండా వెళ్ళిపోయారు" అంది తాబేలు. "ఊరుకో, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు రాజు. మళ్ళీ ఒడ్డుకే.

మూడోసారి రాజు ఉత్తరీయం నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. నాలుక దురద పెట్టింది. అయినా "ఊఁ" అన్నాడు, మళ్ళీ "ఊఁ" అన్నాడు. అయిదో సముద్రం దగ్గరికొచ్చేసరికి తాబేలు మాటలు నిజంగానే చెవిలో పడ్డాయి, పాపం అనిపించి కళ్ళు తడిశాయి. ఏడో సముద్రం ఎప్పుడు దాటాడో ఆయనకే తెలియదు.

అవతలి గట్టున కరాళుడి కోట. నడిమధ్య పంజరంలో చిలక, దాని గొంతులో అదే పచ్చని వెలుగు. వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది, బిడ్డ మాట దాని గొంతులో ఉంది. చుట్టూ రాతిబొమ్మలైపోయిన తల్లులూ తండ్రులూ, అందరూ నోళ్ళు తెరుచుకునే ఉన్నారు.

"నీ బిడ్డ ఆడా? మగా? చెప్పు!" అని అరిచింది చిలక. అందరినీ అదే అడిగేది. జవాబిచ్చినవాళ్ళు ఇచ్చినచోటే రాళ్ళయ్యారు.

"చెప్పెయ్యి రాజా, ఏదో ఒకటి! చిటికెలో పని" అని కరాళుడు తొందరపెట్టాడు.

రాజు పంజరం పక్కన చతికిలబడ్డాడు. "అది నా బిడ్డ చెప్పాలి. తెలిసినప్పుడు చెబుతుంది. తెలిసేదాకా పక్కన కూర్చుంటాను. చిలకమ్మా, అసలు... అని ఆగిపోయిన మాట నీ దగ్గరుందిగా. చెప్పు, వింటాను."

చిలక తెల్లబోయింది. తర్వాత రత్నం గొంతుతోనే మాట్లాడింది. "అసలు... నేను ఏదైతే మీకు ఇష్టమవుతానో అని భయంగా ఉంది నాన్నగారూ. ఏదీ కాకపోతే ఇంట్లో నాకు చోటుంటుందా?"

"ఊఁ" అన్నాడు రాజు. "చోటుంది నాన్నా, ఎప్పుడూ ఉంది. చెప్పు, ఇంకా చెప్పు."

చెప్పీ చెప్పీ చిలక గొంతు ఖాళీ అయింది, పచ్చని వెలుగు రత్నం దగ్గరికి తిరిగెళ్ళింది. పంజరం తలుపు దానంతటదే తెరుచుకుంది, చిలక అడవిలోకి ఎగిరిపోయింది. ప్రాణం ఎగిరిపోతుంటే కరాళుడు దాని వెనకాల పరుగెత్తి పరుగెత్తి పొగైపోయాడు. రాతిబొమ్మలు నోళ్ళు మూసుకుని, తమ పిల్లల్ని తలుచుకుంటూ ఇళ్ళకు పరుగు తీశారు.

తాబేలు వీపెక్కి రాజు తన కోటకు తిరిగొచ్చేసరికి రత్నం గుమ్మంలో నిలబడి ఉంది. తలపాగా తీసి పక్కన పెట్టేసింది.

"మీ మీద నాకు చాలా కోపంగా ఉంది నాన్నగారూ" అంది.

ఎన్నాళ్ళ తర్వాత విన్నాడా గొంతు! రాజు ఆనందంతో వెక్కి వెక్కి ఏడుస్తూ మెట్లమీద కూలబడ్డాడు. రత్నం పక్కన కూర్చుంది. దీపాలు పెట్టేదాకా బిడ్డ చెబుతూనే ఉంది, తండ్రి వింటూనే ఉన్నాడు.

ఆ తలపాగా చెల్లదని రాజు చాటించాడు. బంధువులు గొణుక్కున్నారు, గొణుక్కుంటే గొణుక్కున్నారు. కొన్నేళ్ళకు రత్నానికి తనెవరో తెలిసింది, తండ్రికి చెప్పుకుంది. మెచ్చిన మనిషిని పెళ్ళాడి, అన్నా అక్కా సరేననగా తండ్రి తర్వాత సింహాసనమెక్కి, జుట్టు నెరిసేదాకా రాజ్యమేలింది.

తలపాగా చుట్టుకుందా, పూలజడ వేసుకుందా అంటారా? భలేవాళ్ళే! అది రత్నం చెప్పుకోవాలి గాని, మధ్యలో నేనెవర్ని?