ఎటు పొమ్మంటావు

బ్రహ్మయ్యస్వామికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా జవాబు చెప్పడు, ఎక్కడికో ఒకచోటికి పంపుతాడు. వెళ్లొచ్చినవాడు మళ్లీ ఆ మాట అడిగితే ఒట్టు.

ఆయన శిష్యుడు ఎల్లమంద సర్పంచి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఊళ్లో సగంమందికి రాతిక్వారీయే తిండి పెడుతోంది. మిగతా సగంమంది చేలు ఆ దుమ్ముకే మాడిపోతున్నాయి. క్వారీ మూయాల్సిందేనని ఎల్లమంద మనసులో ఉంది. నోరు పెగలదే, పాపం! ఏ ఎండకా గొడుగు పడుతూ వీధులు తిరుగుతున్నాడు.

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏం చెప్పి ఓట్లడగను స్వామీ?"

"పాడుబడ్డ పాతూరుంది కదా, అక్కడ మూడుదారుల్లో కాసేపు నిలబడి రా."

పాతూరి సంగతి ఎరగనివాడెవడు? వెనక వరదొచ్చిననాడు పెద్దల్లో ఒకరు కొండకు పొమ్మన్నారు, ఒకరు ఏటికట్టకు పొమ్మన్నారు. చాటింపు వేసేవాడు ఎవరికీ చెడ్డ కాకూడదని, "కొండా మంచిదే, కట్టా మంచిదే" అని చాటాడు. జనం మూడుదారుల్లో తేల్చుకోలేక నిలబడి ఉండగానే ఏరు మీదపడింది.

సందెవేళకి ఎల్లమంద అక్కడికి చేరాడు. పిట్టకూత కూడా లేదు. ఎవరో తడిచేత్తో అతని మోచెయ్యి పట్టుకున్నారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

"ఎటు పొమ్మంటావయ్యా?" అంది ఒక ముసలి గొంతు.

అలవాటుపడ్డ నోరు కదా, "రెండూ మంచివేనమ్మా, మీ ఇష్టం" అనేసింది.

అంతే, నలువైపులా నీళ్లలో నడుస్తున్న చప్పుడు దగ్గరికొచ్చింది. చంటిబిడ్డ ఏడుపు, మగవాళ్ల గొంతులు. "ఎటు? ఎటు?" వాళ్లు కోప్పడలేదు, బతిమాలారు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. పొడినేల మీదే నిలబడి ఉన్నాడు, మోకాళ్లదాకా చన్నీళ్లు పాకాయి.

"కొండకు! అందరూ కొండకే నడవండి!" అని గొంతు చించుకున్నాడు.

చప్పుడు కొండవైపు మళ్లింది. అందరికన్నా వెనక కదిలిన ముసలమ్మ, "ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదు నాయనా" అంది. ఎల్లమందకు ఏడుపొచ్చింది.

వణుకుతూ వచ్చి గురువు ముందు కూలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు.

"కొండదారే మంచిదని నీకెవరు చెప్పారు?" అన్నాడు స్వామి.

"ఒకరు చెప్పేదేముంది స్వామీ, నాకు తెలిసిందే."

స్వామి అతని భుజం మీద ఉత్తరీయం కప్పాడు.

"చచ్చినవాళ్లకు చెప్పొచ్చావు. పొద్దున్నే బతికున్నవాళ్ల దగ్గరికి పో."