ఈరమ్మ భాగం

ఊ కొట్టేవాళ్లుంటే చెబుతాను. ఊ కొట్టడం ఆపితే నేనూ ఆపేస్తాను.

ఎప్పటి మాటో ఇది. మీ అవ్వలకు అవ్వలు కూడా పుట్టని కాలం. ఒక రాళ్ల గుట్ట, గుట్ట కింద ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో ఈరమ్మ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కూతురు ఓబుళమ్మ ఏటి అవతలి ఊరికి కాపురానికి వెళ్లిపోయింది. ఈరమ్మకు మిగిలింది ఆ గుట్ట ఒక్కటే. దాని మీద నాగలి దిగదు, గింజ మొలవదు. ఉన్నవల్లా కానుగ చెట్లు, ఒక నీటి ఊట. కట్టెలు ఏరుకుని, కానుగ గింజలు అమ్ముకుని, గంజి తాగి బతికేది. ఆమె గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు.

ఒక ఏడాది కానుగ పూత మీద ఉండగా చెన్నబసప్ప అనే తేనె వర్తకుడు బండ్లు కట్టుకుని వచ్చాడు. బండ్ల నిండా మట్టికుండలు. ప్రతి కుండలోనూ తేనెపట్టు. గుట్ట మీది పూత చూశాడు, ఊట చూశాడు, బండ్లు ఆపించాడు.

"అవ్వా, నా కుండలు నీ గుట్ట మీద పెట్టుకుంటా."

"పెట్టుకో బసప్పా. మరి నాకేమిస్తావు?"

"తేనె తీసినప్పుడు చూసుకుందాం లే."

ఈరమ్మ ఆ మాట నమ్మింది. కుండలకు చీమలు పట్టకుండా చుట్టూ బూడిద చల్లింది. ఎండలకు ఊట ఇంకిపోతే ఏటి నుంచి నీళ్లు మోసి, తేనెటీగలు తాగడానికి రాతి గుంటల్లో పోసింది.

తేనె తీశారు. కుండలు పొర్లిపోయేంత తేనె. ఈరమ్మ బండి దగ్గరికి వచ్చింది.

"న్యాయం చూసి నా భాగం నాకియ్యి బసప్పా."

చెన్నబసప్ప నవ్వాడు. "ఈగలు ఆకాశంలో ఎగురుతాయి. ఆకాశం నీదా అవ్వా?"

బండి వెళ్లిపోయింది. మరుసటేడు మళ్లీ వచ్చాడు. మళ్లీ బూడిద, మళ్లీ నీళ్లు, మళ్లీ తేనె.

"న్యాయం చూసి నా భాగం నాకియ్యి బసప్పా."

"నా కుండలు మోసి నీ రాళ్లేమన్నా అరిగినాయా అవ్వా?"

మూడో ఏడు వచ్చాడు. ఈసారి ఈరమ్మ అడగకముందే ఆమె చేతిలో ఒక ఆకుదొప్ప పెట్టాడు. అందులో తేనె పిండేసిన పిప్పి ఉంది.

"ఇదిగో నీ భాగం."

ఈరమ్మ ఆ పిప్పిని చూసింది. ఆయన్ను చూసింది. దొప్పను తీసి ఆయన కాళ్ల ముందు పడేసింది. ఊరు నోట మాట రాక నిలబడింది. పిడికెడు జొన్నలకు కూడా దండం పెట్టి తీసుకునే ముసలామె అంత పని చేస్తుందని ఎవరు అనుకున్నారు?

ఆ పై ఏడూ అడగకుండానే కుండలు పెట్టిపోయాడు. పూత అయింది, పట్లు నిండాయి. చెన్నబసప్ప తేనె తీయడానికి మనుషులతో వచ్చాడు. గుట్ట ఎక్కే దారికి అడ్డంగా ఈరమ్మ గొంగడి కప్పుకుని కూర్చుంది.

"లెయ్ అవ్వా, దారియ్యి."

"నీ ఈగలు ఆకాశంలో వస్తాయి, ఆకాశంలో పోతాయి. వాటిని నేను ఆపలేదు కదప్పా. నువ్వు మాత్రం నేల మీద నడవాల. నేల నాది. భాగం చెప్పు, లేస్తా."

చెన్నబసప్పకు ఊరి ముందు తల కొట్టేసినట్టయింది. "వెనక వైపు నుంచి ఎక్కండిరా!" అని మనుషుల్ని కేకేశాడు.

వెనక వైపు నిలువు బండ. మిట్టమధ్యాహ్నం ఎండ. తొందర తొందరగా ఎక్కారు, వాళ్ల వెనకే చెన్నబసప్ప కూడా ఎక్కాడు. సరిగ్గా పొగ పెట్టకుండానే కుండలు కదిలించారు. ఒకడి కాలు జారింది. వాడి చేతిలో కుండ పక్క కుండల మీద పడింది. అవి దొర్లి ఇంకొన్నింటి మీద పడ్డాయి.

పగిలిన కుండల్లోంచి ఈగలు నల్లటి మబ్బులా లేచాయి.

మనుషులు దొరికిన దారిన ఉరికారు. చెన్నబసప్ప ఉరకలేకపోయాడు. రెండు బండల మధ్య కాలు ఇరుక్కుంది. "అయ్యో, కాపాడండి!" అని అరిచాడు. ఎవరు పోతారు? కన్నవాళ్లు కూడా పోలేని చోటు అది.

ఈరమ్మ లేచింది. ఆ వయసులో, ఆ కాళ్లతో, గుట్ట పైకి పరుగెత్తింది. ఊరు నోట మాట రాక నిలబడింది. ఆమె తన ఒంటి మీది గొంగడి తీసి చెన్నబసప్ప మీద కప్పింది. చుట్టూ అంచులు బండల కింద దోపింది. తన ఒంటి మీద పాత చీర తప్ప ఏమీ లేదు.

"నన్నెందుకు కాపాడతాండావవ్వా?" అని గొంగడి కింద నుంచి ఏడ్చాడు.

"నువ్వు చస్తే నా భాగం ఎవడిస్తాడురా?"

ఊరివాళ్లు పచ్చిగడ్డి కాల్చి, పొగ పట్టుకుని గుట్ట ఎక్కేసరికి చెన్నబసప్ప బతికే ఉన్నాడు. ఈరమ్మను మాత్రం గుర్తుపట్టలేకపోయారు. కిందికి దించి నీడన పడుకోబెట్టారు. చెన్నబసప్ప ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఎంతవ్వా? ఎంతియ్యాల నీకు?"

వాచిపోయిన పెదాలు కదిలాయి. "మూడు కుండలకు ఒక కుండ. ఎక్కువొద్దు, తక్కువొద్దు. ఈ మాట నువ్వు ముందే అడిగింటే..." ఊపిరి అందక ఆగింది. "ముందే అడిగింటే ఈపాటికి తినేసి ఉందును కదరా."

పొద్దు వాలకముందే పోయింది.

చెన్నబసప్ప ఆ పూట తిండి ముట్టలేదు. మిగిలిన పట్లు కోయించాడు. గడిచిన ఏళ్ల భాగం కూడా కలిపి కుండలు నింపించాడు. మనుషులు బండి కట్టబోతే వద్దన్నాడు. వాచిన కాలితో, ఒక్కొక్క కుండా తన నెత్తినే పెట్టుకుని, ఏరు దాటి మోయడం మొదలుపెట్టాడు. పల్లకీలో తిరగగలిగిన వర్తకుడు కూలివాడిలా మోస్తుంటే ఊరు నోట మాట రాక నిలబడింది.

తల్లి దినం ముగించుకుని వచ్చి, ఓబుళమ్మ తన ఇంటి గడపలో కూర్చుని ఉంది. కుండల వైపు చూసింది.

"ఈ తేనె మా అమ్మ ప్రాణానికా, మా అమ్మ నేలకా?"

చెన్నబసప్ప తల దించుకున్నాడు. "నేలకేనమ్మా. ప్రాణానికి ఇయ్యగలిగింది నా దగ్గర ఏముంది?"

ఓబుళమ్మ లేచి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నేలకైతే ఇట్లా దించు."

అదీ జరిగింది. ఇప్పటికీ ఆ పక్క ఊళ్లలో ఒకరి నేలలో ఇంకొకరు తేనె కుండలు పెట్టుకుంటే, కుండ నేల మీద ఆనకముందే భాగం మాట్లాడుకుంటారు. తేనె కోసేటప్పుడు కత్తికి అంటింది కూడా నాకరు. మొదటి పట్టు నేల గలవాళ్ల చేతిలో పెట్టాకే వేలు నోట్లో పెట్టుకుంటారు. దాన్ని ఈరమ్మ భాగం అంటారు.

ఎవడైనా "తర్వాత చూసుకుందాం లే" అన్నాడనుకోండి, అక్కడున్న ముసలమ్మలు ఊరుకోరు. "మనిషి ఉండగానే ఇచ్చెయ్యి నాయనా" అంటారు. ఆ మాట విన్నాక ఎవడూ బేరమాడడు.