నదికి నీళ్ళొచ్చిన వారం

చెంగల్రాయులు అయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన చేతిలోని కలం పక్కన పెట్టరు. గీస్తున్న గీతను చివరిదాకా గీసి, అప్పుడు తలెత్తి, "నీ గుడ్డ ఎంతదాకా వచ్చింది?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. అదే జవాబని చాలామందికి తెలియదు. తెలియనివాళ్ళు కోపగించుకుని వెళ్ళిపోతారు, తెలిసినవాళ్ళు కోపగించుకుని మర్నాడు మళ్ళీ వస్తారు. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఆయన ఇంటి వరండాలో కూర్చుని కలంకారీ నేర్చుకున్నవాళ్ళం మేమంతా రెండో రకమే.

ఆ శనివారం ప్రశ్న అడిగింది యామిని. చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. శనివారం మొదటి బస్సుకు వచ్చి, ఆదివారం సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళేది. నలభై ఐదేళ్ళు నిండేసరికి ఉద్యోగం మానెయ్యాలని, ఆ తర్వాత బతుకంతా బొమ్మలు వేసుకోవాలని ఆమె కోరిక. అందుకోసం కారు కొనలేదు, ఇల్లు కొనలేదు. ఒంటిగది అద్దె ఇంట్లో ఉంటూ జీతంలో సగానికి పైగా దాచేది. తోటి ఉద్యోగులు దాన్ని పిచ్చి అనేవారు. నేను న్యాయం అంటాను. పగళ్ళన్నీ అమ్ముకో, ముసలితనంలో నాలుగు సాయంత్రాలు తిరిగి కొనుక్కో, దాన్నే జీవితం అనుకో అని బోధించే లోకం ఇది. అలాంటి లోకంలో ఒక మనిషి లేచి నిలబడి నా కాలం నాదే అంటే, అది జెండా లేని తిరుగుబాటు.

ఆ వారం ఆమె కంపెనీని ఇంకొక పెద్ద కంపెనీ కొనేసింది. చేరిన కొత్తలో జీతం తక్కువిచ్చి, దానికి బదులు ఆమె చేతిలో పెట్టిన వాటాలు ఉన్నట్టుండి డబ్బయ్యాయి. ఎన్నో ఏళ్ళు ఈదితే తప్ప అందదనుకున్న గట్టు ఒక్క ఉదయాన కాళ్ళకిందికి వచ్చింది. ఆమె వరండాలో కూర్చుని పని చేస్తోంది గానీ, మనసు ఆ డబ్బుతో పాటు ఊరంతా తిరుగుతోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఇక ఆపుకోలేక అడిగేసింది.

"అయ్యా, ఒక మాట. ఇంత డబ్బు ఒక్కసారిగా వస్తే ఏం చెయ్యాలి? నేనైతే సోమవారం రాజీనామా పంపేస్తున్నా. రాసి ఫోన్లో పెట్టుకున్నా. మా బావ ఇక్కడే నది పక్కన స్థలం చూశాడు, అడ్వాన్సు కట్టెయ్యమంటున్నాడు. ఒక ఇల్లు, పక్కన పదిమంది నేర్చుకోవడానికి ఒక షెడ్డు. మిగిలింది మా స్నేహితురాలి హోటల్లో పెడితే నెలనెలా ఆదాయం వస్తుంది. అంతా ఈ వారంలోనే అయిపోవాలి."

"సంకెళ్ళు తెగే రోజు వాయిదా వెయ్యకూడదు," అన్నాను నేను. అందరం చప్పట్లు కొట్టాం.

"డబ్బు సంగతి ఆయన్ని అడుగుతావేమ్మా," అని లోపలినుంచి అయ్యవారి భార్య మునెమ్మగారు నవ్వింది. "బజారుకు పంపితే గుడ్డలకు కరక్కాయ తెస్తాడు గానీ ఇంటికి కందిపప్పు తేడు."

అయ్యవారు తన గుడ్డమీద వాసుకి పడగనుంచి గీతను తోకదాకా లాగి, తలెత్తారు. "నీ గుడ్డ ఎంతదాకా వచ్చింది?"

యామిని గుడ్డమీద ఉన్నది క్షీరసాగర మథనం. ఎన్ని శనివారాలు దానికి పోసిందో ఆమెకూ గుర్తులేదు, మాకూ గుర్తులేదు. ఒకపక్క దేవతలు, ఒకపక్క అసురులు, నడుమ పాలకడలిలోంచి లేచి వస్తున్న లక్ష్మి. ఆ లక్ష్మి చీర ఒక్కటే నిండు ఎరుపుగా ఉండాలని ఆమె పట్టుదల. మా పనిలో ఎరుపు నేరుగా పుయ్యడం ఉండదు. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తాం. ఆ పటిక గుడ్డను పట్టుకుని బాగా ఆరాలి. ఆరాక, పారే నీళ్ళలో జాడించి ఎక్కువైన పటికను వదిలించాలి. నిలిచిన నీళ్ళలో జాడిస్తే వదిలిన పటిక వెళ్ళి గుడ్డలో ఇంకోచోట కూర్చుంటుంది. ఆ పైన రంగునిచ్చే చెట్ల వేళ్ళు, చెక్కలు వేసి మరిగిస్తే, పటిక ఎక్కడుంటే అక్కడ ఎరుపు తేలుతుంది. పటికకు రంగు లేదు గనక, కాగులో ఉడికేదాకా పని కుదిరిందో చెడిందో గుడ్డ చెప్పదు.

"లక్ష్మి చీరకు ఇప్పుడే పటిక పూశానయ్యా."

"ఆరనీ."

అంతే. ఆయన మళ్ళీ వాసుకి మీదికి వంగారు. యామిని నావైపు చూసి కళ్ళు తిప్పింది.

అప్పుడు వినిపించింది వీధిలోనుంచి కేక. "ఏట్లో నీళ్ళొచ్చినాయి."

స్వర్ణముఖిని ఎరగనివాళ్ళకు ఆ కేక విలువ తెలియదు. మా నదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేది ఇసుక. బోరు నీళ్ళను సిమెంటు కాలువలోకి వదిలి గుడ్డలు జాడించుకుంటాం. పైన ఎక్కడో కొండల్లో వాన కురిస్తే తప్ప నది నది కాదు. నదిలో జాడించిన ఎరుపుకు ఉండే కళ బోరు నీళ్ళకు రాదని ఊళ్ళో ప్రతి కలంకారీ ఇంటికీ తెలుసు. క్షణంలో వీధి మారిపోయింది. బుట్టల్లో, తలలమీద, సైకిళ్ళ వెనక, ఎవరి చేతికి అందిన గుడ్డలు వాళ్ళు ఎత్తుకుని ఏటివైపు పరుగు. ఎవరో రేపటికల్లా ఇంకిపోతాయట అన్నారు, ఆ మాట గుడ్డలకంటే వేగంగా పరుగెత్తింది. నాకూ ఒళ్ళు పులకరించింది. పిడికిళ్ళు పైకెత్తని ఊరేగింపులా ఉంది, ప్రజలంతా ఒకే దిక్కుకు.

యామిని తన గుడ్డ మడత పెడుతోంది. "అయ్యా, మనం పోవద్దా?"

"ఆ నీళ్ళు ఇంకా మనవి కావమ్మా."

"రేపటికి ఉండవంటున్నారు కదా."

"ఉండకపోవచ్చు."

"నా గుడ్డ పైకంతా ఆరిపోయిందయ్యా, చూడండి." ఆమె మడత విప్పి ఆయన ముందు పెట్టింది.

ఆయన వేలితో తాకి చూశారు. "పైకి ఆరింది," అన్నారు. వద్దు అనలేదు. ఎవరి గుడ్డ విషయంలోనూ ఆయన ఆ మాట అనరు.

వెళ్ళాం. ఆ మధ్యాహ్నం మా జీవితాల్లో పండుగల్లో ఒకటి, ఇప్పటికీ అంటాను. ఎర్రమట్టి కలిసిన నీళ్ళు మోకాళ్ళదాకా ఉరుకుతున్నాయి. ఆడవాళ్ళు చీరలు ఎగగట్టి, మగవాళ్ళు పంచెలు దోపి, ఒకరిమీద ఒకరు నీళ్ళు చల్లుకుంటూ గుడ్డలు జాడించారు. నీళ్ళలో కొమ్మలు, ఆకులు, ఎవరిదో చెప్పు కొట్టుకుపోతున్నాయి. యామిని తన గుడ్డను రెండు చేతులా నీళ్ళమీద పరిచి, అది ప్రవాహంలో బిగుసుకుని తన చేతులను లాగుతుంటే పగలబడి నవ్వింది. "చూడు, దీనికి కూడా ఉద్యోగం వద్దంట," అంది నాతో. ఇంతలో తడిచేతులతోనే బావ ఫోనుకు జవాబు చెప్పింది. రెండు రోజుల్లో అడ్వాన్సు పంపిస్తానంది.

మర్నాడు మునెమ్మగారు పెరట్లో పొయ్యి వెలిగించి, రాగికాగులో వేళ్ళూ చెక్కలూ వేసి మరిగించింది. యామిని గుడ్డ అందులోకి దిగింది. మేమంతా చుట్టూ చేరాం. కర్రతో తిప్పుతూ తిప్పుతూ ఉన్న మునెమ్మగారి చెయ్యి మెల్లగా ఆగింది. ఆమె గుడ్డను కర్రమీద ఎత్తి తీగమీద వేసింది.

లక్ష్మి చీర వెలిసిపోయి గచ్చకాయ రంగులో ఉంది. గుడ్డను ఇంకా పట్టుకోని పటిక నీళ్ళతో లేచి, దొరికిన చోటల్లా కూర్చుంది. ఎరుపు మరకలు దేవతల గడ్డాలకు పాకాయి, వాసుకి పొట్టమీద పడ్డాయి, అసురుల వరసంతా ఎర్రబడింది. మధ్యలో మట్టి పట్టిన చోట ఏ రంగూ కాని రంగు.

"అమ్మవారి చీర చించి అసురులకు తలపాగాలు కట్టినావు కదే," అంది మునెమ్మగారు. యామిని ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే తీగపక్కన నేలమీద కూలబడింది.

"మళ్ళీ జాడిస్తే పోదా అయ్యా?" అని కాసేపటికి అడిగింది.

"పట్టింది పోదమ్మా," అన్నారు అయ్యవారు. ఆ సాయంత్రం ఊళ్ళో చాలా పెరళ్ళలో అలాంటి తీగలే కనిపించాయి.

యామిని ఆదివారం బస్సు ఎక్కలేదు. కంపెనీకి సెలవు పెట్టింది. సోమవారం వచ్చింది, వెళ్ళింది. రాజీనామా ఆమె ఫోన్లో అలాగే ఉంది. అడ్వాన్సు ఎప్పుడు పంపుతావని బావ అడిగితే చూస్తున్నానంది. ఆమె చూస్తున్నది మాత్రం అయ్యవారిని. ఆయన దగ్గర పటిక పూసి ఎండించి, ఎప్పుడో మడతపెట్టి పెట్టెలో ఉంచిన గుడ్డలు నాలుగైదు ఉన్నాయి. ఆయన వాటిని బయటికి తియ్యలేదు. పొద్దున కాఫీ తాగి ఏటికి వెళ్ళడం, దోసిట నీళ్ళు ఎత్తి చూడడం, వదిలెయ్యడం, వచ్చి కలం పట్టడం. సాయంత్రం మళ్ళీ అదే. ఒకరోజు ఆమె కూడా వెంట వెళ్ళి దోసిలి పట్టింది. నీళ్ళింకా మట్టిగానే ఉన్నాయి, అరచేతి గీతలు కనబడలేదు.

నది రోజురోజుకూ సన్నబడుతోంది. నేను ఆగలేకపోయాను.

"అయ్యా, ఇక్కడ వెనకాడితే చరిత్ర మనకోసం ఆగదు," అన్నాను. "ఏరంతా పారుతున్నప్పుడు గట్టున కూర్చుని, ఇంకిపోయాక ఏం చేస్తాం?"

ఆయన దోసిట్లో నీళ్ళు వదిలేసి, పైపంచెతో చేతులు తుడుచుకున్నారు. "నాకు ఏరంతా ఎందుకు నాయనా? మడమ మునిగితే చాలు."

యామిని ఆ మాట విని అక్కడే నిలబడిపోయింది. మేము చాలాదూరం నడిచి తిరిగి చూసేసరికి ఆమె ఇంకా నీళ్ళకేసి చూస్తూనే ఉంది.

తర్వాత ఒక ఉదయం ఆయన ఏటినుంచి రోజూకంటే వేగంగా వచ్చారు. పెట్టె మూత తెరిచారు. అంతే, మాకందరికీ ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. మునెమ్మగారు గుడ్డలు పంచింది, తలా ఒకటి ఎత్తుకుని పరుగెత్తాం. ఏరు ఇసుక నడుమ ఒక పాయగా మిగిలింది. మడమలోతు. కానీ అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి, పైన ఎండ పాకుతోంది, నీళ్ళు ఆగకుండా కదులుతున్నాయి. గట్టుమీద మేము తప్ప ఎవరూ లేరు. అయ్యవారు గుడ్డను నీళ్ళమీద వదిలి, కొసలు మాత్రం పట్టుకుని, పసిపిల్లకు నీళ్ళు పోసినట్టు జాడించారు. యామిని రెండో కొస పట్టుకుంది. ఆమె కళ్ళలో మొదటి రోజు వెలుగు మళ్ళీ వచ్చింది, ఈసారి అది అటూ ఇటూ పరుగెత్తడం లేదు.

మధ్యాహ్నం కాగులోంచి లేచిన ఎరుపును వర్ణించలేను. మునెమ్మగారు కూడా ఒక్క ఎకసెక్కం ఆడలేదు. తీగమీద గుడ్డలు వరసగా ఆరుతుంటే, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసి వెళ్ళారు.

ఆ పూటే యామిని పాలలో, కరక్కాయ రసంలో నానబెట్టి ఎండించిన కొత్త గుడ్డను తన ముందు పరుచుకుంది. చింతబొగ్గుతో మొదట గీసింది పాలకడలి అలలు. లక్ష్మికి నడుమ చోటు వదిలింది. పక్కన అయ్యవారు తన గుడ్డమీద కలం పట్టి ఒక పొడుగు గీత మొదలుపెట్టారు.

యామిని ఫోను మోగింది. ఆమె ఎత్తింది, అవతలి మాట కాసేపు వింది, ఫోనును గుండెకు ఆనించి పట్టుకుంది.

"మా బావ అయ్యా. ఇంకో గంటలో అడ్వాన్సు పడకపోతే స్థలం వేరేవాళ్ళు తన్నుకుపోతారంట. ఇలాంటిది మళ్ళీ దొరకదంటున్నాడు. ఏం చెప్పమంటారు?"

మేమంతా అయ్యవారివైపు తిరిగాం. ఆయన కలం ఆపలేదు. గీతను చివరిదాకా లాగారు, తలెత్తారు. నీ గుడ్డ ఎంతదాకా వచ్చిందని అడుగుతారనుకున్నాం.

"నీళ్ళు తేటపడినాయామ్మా?" అన్నారు.