నిద్రపోని జన్యువు

పరాంకుశం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. వరి మీద పరిశోధన చేసే మా ల్యాబులో అందరికీ ఇది అనుభవమే. అందుకే తెలివైనవాళ్ళు ఆయన్ని ఏమీ అడగరు. అంజని అడిగింది.

ఉప్పునేలలో పండే వరి కోసం ఆ అమ్మాయి రెండు రకాలు తయారుచేసింది. ఒకదాంట్లో చేర్చిన జన్యువు ఉప్పు తగిలినప్పుడే మేలుకుంటుంది. రెండోదాంట్లో అదే జన్యువు మొలకెత్తిన దగ్గర్నుంచీ మెలకువగానే ఉంటుంది. ఉప్పునీళ్ళ తొట్టెల్లో పెడితే మొదటిది వాడిపోయి, మెల్లగా తేరుకుంది. రెండోది చెక్కుచెదరలేదు. సముద్రం పక్కన పరీక్షకు దొరికింది మాత్రం ఒక్కటే మడి. అక్కడ ఉప్పు ఏడాది పొడుగునా ఉండదు, వాన మొహం చాటేసినప్పుడు పైకి పొంగుతుంది. ఆ మడిలో ఏది వేస్తే దాని మీదే అంజని పీహెచ్‌డీ, ఆ తీరంలో పొలాలు బీడు పెట్టుకు కూర్చున్న రైతుల ఆశా.

"ఎప్పుడూ మేలుకుని ఉండేదే క్షేమం కదా, మాస్టారూ?"

ఆయన టీ తాగడం పూర్తిచేసి, "నాగాయలంక దగ్గర మా అక్కయ్య ఉంది. ఈ మందులు ఇచ్చి, భోంచేసి రా," అన్నారు.

అంజనికి ఒళ్ళు మండింది. అయినా వెళ్ళింది.

రంగనాయకమ్మగారు చిన్నప్పుడు ఉప్పెనలో కొట్టుకుపోయి, తాటిచెట్టును కరుచుకుని బతికిన మనిషి. ఇంట్లో సామాను సగం మూటలు కట్టి అటకమీదే ఉంది. చుట్టూ చేలన్నీ నాట్లు పడి కళకళలాడుతుంటే ఆవిడ చేను సగం ఖాళీ. ఆ సగానికి వేయాల్సిన విత్తనాలు కూడా అటకమీదే ఉన్నాయట.

"వానలు బాగానే పడ్డాయిగా, పెద్దమ్మగారూ?"

"సముద్రం చెప్పి వస్తుందా అమ్మా? వేసిందంతా పోతే మళ్ళీ వేసుకోడానికి ఉండొద్దూ?" అంది ఆవిడ, అన్నం వడ్డిస్తూ.

చేతులకి నీళ్ళు పోసేటప్పుడు కోడలు గొంతు తగ్గించి చెప్పింది: "నేను కాపురానికొచ్చాక మళ్ళీ వేసుకోవలసిన అవసరం ఒక్కసారీ రాలేదండీ. ఏటా సగం పంటే. అటకమీదవి పాడైపోయాక కోళ్ళకి వేస్తాం." చెప్పి నవ్వింది గానీ, అంజనికి నవ్వు రాలేదు.

తిరిగొచ్చి నేరుగా గ్రీన్‌హౌస్‌లో మంచినీళ్ళ కుండీల దగ్గరికి పోయింది. ఉప్పు పెట్టనివాటిలో చూడ్డానికి ఏముంటుందని మేమెవ్వరం అటు తొంగిచూడం. నీళ్ళు పోసి వచ్చేస్తాం, అంతే. మొదటి రకం కంకులు బరువుకి వంగి ఉన్నాయి. రెండోది మోకాలెత్తు కూడా ఎదగలేదు. కంకి దూసి నలిపితే అంతా తాలు. కన్నబిడ్డలా పెంచుకున్న రకం మరి, అంజనికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఉప్పు పొంగిననాడు నిలబడేది ఇదే కదా, మాస్టారూ?" అంది, మొండిగా.

ఆయన ఆమె అరచేతిలోని తాలును ఉఫ్‌మని ఊదారు. ఏమీ మిగల్లేదు.

"మా అక్కయ్య బతుకులో ఉప్పెన ఒక్క రాత్రే వచ్చిందమ్మా," అన్నారు.