గుమ్మడిలంక పెళ్ళి జాకెట్టు

మా గుమ్మడిలంక కుట్టు సంఘానికున్న తెలివి గోదావరికి ఇటుపక్క ఇంకెవరికీ లేదు. ఇది నా మాట కాదు బాబూ, వాళ్ళే అన్నారు. సంఘమంటే ముగ్గురు. సంఘం పెద్ద రాజ్యమ్మ, ఆవిడ తోటికోడలు మంగతాయారు, పక్కింటి సీతారత్నం. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేనే తెలివంటే" అని రాజ్యమ్మ పొద్దున్న లేస్తే అదే పాట.

ఆవిడ కూతురు సుభాషిణికి పెళ్ళి కుదిరింది. ఊరుకోవచ్చా? "పిల్ల జాకెట్టూ, అల్లుడుగారి లాల్చీ మా సంఘమే కుడుతుంది వదినగారూ" అని వియ్యపురాలికి మాటిచ్చేసింది. ఆవిడ మూతి తిప్పి, "చూద్దాంలెండి" అంది. ఆ 'చూద్దాం' రాజ్యమ్మకి ముల్లులా గుచ్చుకుంది. బట్టలు చెడితే పెళ్ళిలో ఇంక తలెత్తుకోవడం ఎలాగ? అందుకని, కాగితం మీద కొలతలు గీసి కత్తిరించడం ఎలాగో కళ్ళారా చూసొద్దామని టౌనులో కటింగు మాస్టారు మస్తానుగారికి ఫోను చేసింది.

"రండమ్మా. పట్టుగుడ్డ కదా, చేతులు శుభ్రంగా కడుక్కుని రండి" అన్నాడాయన.

అంతే! ముగ్గురూ ఇంటి దగ్గరే సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, దేనికీ తగలకుండా పైకెత్తి బస్సెక్కారు. కడ్డీ పట్టుకోరు, సీటు పట్టుకోరు. బ్రేకు పడ్డప్పుడల్లా ముగ్గురూ వెళ్ళి డ్రైవరు మీద పడటమే.

"పట్టుకోండమ్మా తల్లీ!" అని మొత్తుకున్నాడు కండక్టరు.

"పట్టుకుంటే మాస్టారుగారు ఏమనుకుంటారయ్యా? కడుక్కుని రమ్మన్నారు!" అంది మంగతాయారు, చేతులు ఇంకాస్త పైకెత్తి.

మస్తానుగారు మంచివాడు. కొలతకి తెచ్చిన పాత బట్టలు దగ్గర పెట్టుకుని, ఓ పాత న్యూస్‌పేపరు పరిచి, గీసి, కత్తెరతో కరకరా కోశాడు. మొదటి పేజీలో జాకెట్టు వీపు వచ్చింది. ఐదో పేజీలో లాల్చీ వీపు వచ్చింది. మిగతా ముక్కలు ఉత్త తెల్ల కాగితం మీద కోసిచ్చాడు.

"చూశారా? కాగితం ఎలా ఉందో గుడ్డ అచ్చం అలాగే రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెళ్ళిలో నవ్వులపాలే" అంటూ టీ గ్లాసు జాకెట్టు వీపు మీద పెట్టాడు, పాపం.

ఇంటికొచ్చి గుడ్డ కోశారు. నిజం చెప్పొద్దూ, కోత బ్రహ్మాండంగా కుదిరింది. అక్కడితో ఆగుంటే నాకీ కథ ఉండేది కాదు.

"అక్కా, కాగితం మీద టీ మరకుంది. గుడ్డ మీద లేదే!" అంది సీతారత్నం.

ఇంకేముంది! మంగతాయారు పరుగెత్తుకెళ్ళి టీ కాచింది. గ్లాసు అడుగు ముంచి పట్టు మీద గుండ్రంగా అద్దింది. ముగ్గురూ మురిసిపోయారు.

"మరి ఈ అక్షరాలు?" అంది మళ్ళీ సీతారత్నం.

రాజ్యమ్మ గుండెలు బాదుకుంది. "ఓసి నీ తెలివి బంగారంగానూ! చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే పరువు గంగలో కలిసేది!" అంతే, నల్లదారం తీసి, పగలనక రాత్రనక, ఒక్క అక్షరం వదలకుండా రెండు వీపుల మీదా పేపరంతా కుట్టేశారు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. పీటల మీద సుభాషిణి పూలజడ సర్దబోయిన వియ్యపురాలి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పైకి చదవడం మొదలుపెట్టింది. "సంతలో తప్పిపోయిన గేదె... ఊరంతా వెతికారు... చివరికి ఎక్కడ దొరికిందంటే... మిగతా ఐదో పేజీలో." గిర్రున తిరిగి, "ఇదేం పనండీ వదినగారూ!" అంది.

రాజ్యమ్మ చెంగుతో మొహం కప్పుకుంది. అయిపోయింది, పరువంతా పోయిందనుకుంది.

"గేదె దొరకబోతుంటే ఆపేస్తారా? ఐదో పేజీ ఏదండీ?" అంది వియ్యపురాలు.

రాజ్యమ్మకి ప్రాణం లేచొచ్చింది. "అల్లుడుగారి వీపు మీదుందండీ!"

ఇంకేముంది, పందిరంతా లేచింది. "వీపులు ఇటు తిప్పండి! తెర తీసెయ్యండి, అడ్డమొస్తోంది!" పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, జనం వైపు వీపులు తిప్పేశారు. ఇద్దరి మొహాలూ పంతులుగారి వైపు. వెనకాల జనం ఒకరి మీద ఒకరు పడి చదువుతున్నారు. "తన... కొట్టంలోనే... పడుకుని ఉంది! ఓసి దీని దుంపతెగ!"

"గేదె సంగతి తర్వాత! ముహూర్తం దాటిపోతోంది!" అని పంతులుగారు కేక పెట్టారు. "ఎదురుగా ఉన్నవారి తల మీద జీలకర్ర బెల్లం పెట్టండి! మేళం!"

సుభాషిణి ఎవరి కూతురు? చెప్పింది చెప్పినట్టు చేసే తల్లి కూతురు. పెళ్ళికొడుకూ ఏం తక్కువ తిన్లేదు. ఇద్దరూ చెయ్యి చాపి, ఎదురుగా ఉన్న తల మీద గట్టిగా పెట్టేశారు. పంతులుగారి తల మీద. మేళం మోగింది. అక్షింతలు పడ్డాయి.

"భేషుగ్గా జరిగింది" అని కళ్ళు తుడుచుకుంది వియ్యపురాలు. "అదిసరే గానీ వదినగారూ, ఇప్పుడు నా కోడలెవరు? మీ అల్లుడెవరు?"

రాజ్యమ్మ బొడ్లోంచి టేపు తీసి, పంతులుగారి నడుం చుట్టూ వేసింది.

"కంగారెందుకండీ, ఈయనకి జాకెట్టూ లాల్చీ రెండూ కుట్టేస్తాం. ఒసే రత్నం, ఇవాళ్టి పేపరు పట్రావే!"